అజేయ జట్టు కాన్ఫరెన్సుకి వెళ్ళింది

"ఎవరి పక్కనా నిలబడనివాడు ఎవరికన్నా పొట్టివాడు కాడు!"

ఈ మహావాక్యం మా వెలుగు కాలేజీ మెట్ల మలుపులో బంగారు రంగు అక్షరాలతో రాసి ఉంటుంది. సెలవిచ్చినవారు మా చైర్మన్ దాతుక్ కృష్ణకుమార్ గారు. దాతుక్ అంటే మా మలేషియాలో సుల్తాన్లు ఇచ్చే బిరుదు, ఆయనకి ఇంకా ఎవరూ ఇవ్వలేదు. పుట్టింది బాగన్ దాతుక్‌లో కాబట్టి ఊరి పేరులో సగం తన వాటాకి తెచ్చుకున్నారని గిట్టనివాళ్ళు అంటారు. రాబోయే బిరుదుకి నోళ్ళు ముందే అలవాటు పడాలని మేమంతా అలాగే పిలుస్తాం.

కాలేజీ అనగానే పెద్దగా ఊహించుకోకండి. క్లాంగు పట్నంలో ఒక చీరల కొట్టు మీద రెండంతస్తులు. కింద చీరలు, పైన డిప్లొమాలు. నేను సెక్రటరీని, పేరు శ్రీకుమార్. మీటింగుల మినిట్సు రాయడం నా ఉద్యోగం. జరిగింది రాయడం కాదండోయ్, ఏం జరిగుంటే బాగుండేదో అది రాయడం.

మా అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టు ఏడేళ్ళుగా అజేయం. ఈ మాట కాలేజీ బ్రోషరు మొదటి పేజీలోనే ఉంది. ఆడిన మ్యాచులెన్నో బ్రోషరు చెప్పదు. నేను చెబుతాను, రెండు. ఒకటి వానకి ఆగిపోయింది. రెండోదానికి అవతలి జట్టు బస్సు దారి తప్పి ఇంకో ఊరికి పోయింది. మేం ఏ లీగులోనూ లేం. మాది ఇండిపెండెంట్ జట్టు. "పులి గుంపులో తిరగదు" అంటారు దాతుక్ గారు. పులి అప్పుడప్పుడూ వేటకి కూడా వెళ్తుందని గుర్తుచేసే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

ఒక సోమవారం కోచ్ థెరిసా టీచరూ, జట్టు కెప్టెన్ చందనా నా గదికి వచ్చారు. థెరిసా పొద్దున ఇంగ్లీషు చెబుతుంది, సాయంత్రం బంతి తన్నిస్తుంది. చందన కువాలా సెలంగోర్ నుంచి రోజూ బస్సెక్కి వచ్చే పిల్ల. ఆమెకి ఇదే ఆఖరి సెమిస్టరు.

"అంకుల్, ఈ కాయితం మీద దాతుక్ సైన్ కావాలి. శుక్రవారం అయిదు లోపల," అంది చందన.

కాయితం కాలేజీ అమ్మాయిల లీగు వాళ్ళది. జట్లు ఎక్కువైపోయి లీగుని మూడు గుంపులు చేశారట. గుంపులో చేరండి అంటే ఎవరికి గౌరవంగా ఉంటుంది? అందుకని ఒక్కో గుంపుకీ కాన్ఫరెన్స్ అని పేరు పెట్టారు. మమ్మల్ని తీరం కాన్ఫరెన్సులో చేరమని పిలుపు. థెరిసా ఇదంతా నాకు వేళ్ళు మడిచి మరీ వివరించింది.

"చేరకపోతే ఏమవుతుంది?" అన్నాను.

చందన కాయితం నా బల్ల మీద పెట్టింది. "స్టేట్ టీముకి లీగులో ఆడినోళ్ళనే సూస్తారు అంకుల్. వొచ్చే ఏడు నేను స్టూడెంటుని కాను, ఇంకెవులు సూస్తారు? మూడేళ్ళు ప్రాక్టీసు సేసినాను, ఒక్క మ్యాచ్ ఆడనేదు. ఓడిపోడానికైనా ఒక మ్యాచ్ ఉండాలి లా."

నాకు నిజంగానే మనసు చివుక్కుమంది. 'చూద్దాం' అన్నాను. కమిటీ భాషలో చూద్దాం అంటే చూడం అని అర్థం. ఈసారి మాత్రం చూడాలనే అనుకున్నాను.

గురువారం మధ్యాహ్నం కమిటీ కూర్చుంది. దాతుక్ గారు, వైస్ చైర్మన్ శాంతాదేవి అక్క, సభ్యుడు పువనేశన్. పువనేశన్ కళ్ళు మూసుకుని ఆలోచించే మనిషి. ఆలోచన బాగా లోతుకి దిగితే గురక కూడా వస్తుంది. థెరిసా ఒక మూల కూర్చుంది, చందన తలుపు దగ్గర నిలబడింది.

దాతుక్ గారు లేచారు. మీటింగులో ఆయన గ్రాంథికమే మాట్లాడతారు.

"సభ్యులారా! మన స్వాతంత్ర్యమునకు సవాలు ఎదురైనది. ఎవరో లీగట, మనము చేరవలెనట! వారు చెప్పిన దినమున ఆడవలెనట, వారు ఊదిన ఈలకు ఆగవలెనట! ఏడు సంవత్సరములు తలయెత్తి నిలిచిన సంస్థ ఈనాడు ఒకరి పక్కన నిలబడుటయా?"

శాంతాదేవి అక్క బల్ల చరిచింది. పువనేశన్ ఆలోచిస్తున్నాడు. చందన మొహం చూడలేక నేను ఫైలు చూశాను.

అంతటితో ఆపి ఉంటే కథ లేదు. కాని మా దాతుక్ గారు ఏ ఉత్తరాన్నీ ఊరికే కొట్టిపారెయ్యరు, చదివి మరీ కొట్టిపారేస్తారు. కళ్ళజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టి, మూడో వాక్యం దగ్గర ఆగిపోయారు.

"కాన్ఫరెన్సులో చేరవలసినదిగా... కాన్ఫరెన్సా?" గొంతు కొంచెం తగ్గింది. "ప్రారంభ దినమున ప్రతి కళాశాల నుండి నలుగురు ప్రతినిధులకు ఆహ్వానము. మధ్యాహ్న భోజనము ఏర్పాటు చేయబడును."

పువనేశన్ ఆలోచన మానేసి కళ్ళు తెరిచాడు. "బఫేయా?"

"కాన్ఫరెన్సంటే మరేటి, బఫేనే," అంది శాంతాదేవి అక్క. "మా సెల్లి మొగుడు పోయినేడు ఒక కాన్ఫరెన్సుకి ఎల్లినాడు. ఫైవ్ స్టార్ హోటల్. సంచీ ఇచ్చినారు, పెన్ను ఇచ్చినారు. పద్నాలుగు రకాలు పెట్టినారంట. ఇప్పటికీ ఆ సంచీతోటే మార్కెట్టుకి ఎల్తాడు."

థెరిసా లేచింది. "దాతుక్ గారూ, ఇక్కడ కాన్ఫరెన్స్ అంటే..."

నేను దగ్గాను. మామూలు దగ్గు కాదు, కిటికీ అద్దం అదిరేలా దగ్గాను. థెరిసా నన్ను చూసింది. ఆవిడ ఆదివారం చర్చి తప్పని మనిషి, అబద్ధం ఆడదు. తలుపు దగ్గర చందన రెండు చేతులూ జోడించి నిలబడింది. థెరిసా ఇటూ అటూ చూసి, "...అంటే చాలా ముఖ్యమైనదండీ," అని కూర్చుంది. ఇది అబద్ధం కాదు కదా.

"బాగానే ఉన్నాది గాని, మన స్వతంత్రం మాట ఏటి?" అన్నాడు పువనేశన్. ఎంతైనా సిద్ధాంతం ఉన్న మనిషి.

దాతుక్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "స్వతంత్రంగా ఎల్దాం, స్వతంత్రంగా తిందాం, స్వతంత్రంగా వొచ్చేద్దాం లా." గ్రాంథికం ఎప్పుడు లేచి వెళ్ళిపోయి మా మలేషియా 'లా' వచ్చి కూర్చుందో ఎవరూ గమనించలేదు.

తర్వాత రెండు గంటలు చర్చ జరిగింది. పేరులోనే తీరం ఉంది కాబట్టి, సముద్రం వైపు గది ఎవరికి? వెనక్కి వచ్చేటప్పుడు సంచీలు మార్చుకోవచ్చా? నాలుగో ప్రతినిధి ఎవరు? కోచ్‌ని తీసుకెళ్దామా అని నేను మాటవరసకి అన్నాను.

"కాన్ఫరెన్సులో కోచ్‌కి ఏటి పని?" అంది శాంతాదేవి అక్క.

"జట్టుని కూడా తేవాలని రాశారు," అన్నాను.

"అలంకారానికి అయ్యుంటాది. ఎనకాల వేన్‌లో రమ్మను."

నాలుగో ప్రతినిధిగా నన్ను నియమించారు. ఆ రెండు గంటల్లో ఫుట్‌బాల్ అన్న మాట ఒక్కరి నోటా రాలేదు. మినిట్సులో 'ఫుట్‌బాల్ అభివృద్ధి గురించి లోతుగా చర్చించడమైనది' అని రాశాను. దాతుక్ గారు గడువుకి ఒక రోజు ముందే సంతకం పెట్టేశారు. మా కమిటీ చరిత్రలో ఇలాంటి ఘోరం ఎన్నడూ జరగలేదు!

నాకు సంగతంతా తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు. ఒక పిల్ల భవిష్యత్తు కోసం ఒక నిజాయితీపరుడు చేసిన త్యాగం అది. ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి.

రెండు వారాల తర్వాత చోటు చెబుతూ మెసేజీ వచ్చింది. కువాలా సెలంగోర్ దగ్గర ఒక పడాంగ్. పడాంగ్ అంటే మైదానమని ఈ దేశంలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. దాతుక్ గారికీ తెలుసు.

"పెద్ద హోటళ్ళన్నీ పడాంగ్ ఎదురుగానే కడతారు," అన్నారు.

శనివారం బయల్దేరాం. ముందు కారులో దాతుక్ గారు, శాంతాదేవి అక్క, పువనేశన్. వెనక నా కారు, దాని వెనక జట్టు వేన్. మా నలుగురికీ కొత్త బాటిక్ బట్టలు, మెడలో పేరు కార్డులు. దాతుక్ గారి జేబులో 'స్వాతంత్ర్యము, దాని ప్రాముఖ్యము' అనే ఎనిమిది పేజీల ఉపన్యాసం ఉంది.

చేరాక చూస్తే చుట్టూ పామాయిల్ తోట, మధ్యలో గడ్డి, రెండు గోల్‌పోస్టులు, ఒక టెంటు. పొద్దున్నే వాన పడి అంతా బురద. ఆ బురదలో, బాటిక్ చొక్కాలు వేసుకుని, మెడలో కార్డులు తగిలించుకుని, పాతిక మంది పెద్దమనుషులు నాలుగు దిక్కులూ చూస్తున్నారు.

దాతుక్ గారు వాళ్ళలో ఒక పొడుగాటాయన దగ్గరికి వెళ్ళారు. ఆయన ఇంకో కాలేజీ చైర్మన్ అని కార్డు చెబుతోంది.

"హాల్ ఎటువైపండీ?"

"అరగంట నుంచి మేమూ అదే వెతుకుతున్నాం," అన్నాడాయన.

అప్పుడు ఈల మోగింది. ఇరవై రెండు మంది అమ్మాయిలు గడ్డి మీదికి పరిగెత్తారు. ఏడు కాలేజీల పెద్దలు ఒకళ్ళ చొక్కా ఒకళ్ళు చూసుకున్నారు.

"మేం ఫుట్‌బాల్ కోసమే వచ్చాం," అన్నాడు పొడుగాటాయన.

"మేమున్నూ," అన్నారు దాతుక్ గారు.

"ఆటకి బాటిక్కే మేలు, గాలాడుతుంది," అని ఇంకొకాయన తీర్మానించాడు. అందరూ ఏకగ్రీవంగా తలలూపి ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు.

తొంభై నిమిషాలు ఎండ. దాతుక్ గారు స్వాతంత్ర్యంతో విసురుకున్నారు. మా అజేయ జట్టు మొదటి అరగంటలోనే నాలుగు గోల్స్ తింది. శాంతాదేవి అక్క కార్డు తిప్పి పెట్టుకుంది, కాలేజీ పేరు కనబడకుండా. ఆఖర్లో చందన బంతి దొరకబుచ్చుకుని ఇద్దర్ని తప్పించుకుని ముందుకురికింది.

"తన్నవే పిల్లా, తన్ను!"

ఆ కేక మా దాతుక్ గారిది. కుర్చీ ఎప్పుడు పడిందో, ఎనిమిది పేజీలు ఎప్పుడు ఎగిరాయో తెలియదు. బాగన్ దాతుక్ కొబ్బరితోటలో ఉత్తి కాళ్ళతో బంతి తన్నిన చిన్నప్పటి కిట్టడు గీత దగ్గర బురదలో గెంతుతున్నాడు. నాకు ఆయన మీద మొదటిసారి ప్రేమ కలిగింది. చందన తన్నింది. గోల్!

అయిదు సెకన్ల తర్వాత కిట్టడు వెళ్ళిపోయి దాతుక్ గారు తిరిగొచ్చారు. మేం ఆరు ఒకటితో ఓడిపోయాం. గొడుగు కింద కూర్చున్న ఒక సెలెక్టరమ్మ థెరిసాని పిలిచి, ఆ తొమ్మిదో నంబరు పిల్ల పూర్తి పేరు అడిగి పుస్తకంలో రాసుకుంది. చందన మైదానంలోనే చతికిలబడి ఏడ్చింది. నవ్వుతూనే ఏడ్చింది.

భోజనం మాట నిలబెట్టుకున్నారు. మనిషికో నాసి లెమాక్ పొట్లం. పువనేశన్ పొట్లం విప్పి అన్నం, సంబల్ కారం, నెత్తళ్ళు, వేరుసెనగ, దోసకాయ ముక్క, అర గుడ్డు అని లెక్కపెట్టాడు. "ఆరే ఉన్నాయి," అన్నాడు.

తర్వాత చైర్మన్లందర్నీ వరసగా నిలబెట్టి ఫొటో తీశారు. మా దాతుక్ గారు రెండు వైపుల వాళ్ళకీ భుజాల దగ్గరికి వచ్చారు. ఆ ఫొటో కాలేజీలో పెట్టొద్దని నాకు అక్కడే ఆదేశం జారీ అయింది. తీర్మానం కూడా అక్కడే చెప్పి రాయించారు: 'ఫుట్‌బాల్ మీది అభిమానంతో, చైర్మన్ గారి దూరదృష్టితో కాన్ఫరెన్సులో చేరడమైనది.' అలాగేనండీ అన్నాను. లోపల మాత్రం తెగ నవ్వుకున్నాను. హోటలట, సముద్రం వైపు గదట! ఏం మనుషులండీ!

చందన జట్టు మొత్తం బురద బూట్ల మూట పట్టుకుని నా కారు దగ్గరికి వచ్చింది. "అంకుల్, ఆ దినం మీరు దగ్గకపోతే నాకు ఈ మ్యాచ్ నేదు. కమిటీ అందరిలోనూ మీకొక్కరికే నిజం తెలుసని టీచర్ సెప్పింది."

వినయంగా తల వంచుకుని, ఆ గర్వంలోనే ఒళ్ళు మరిచి డిక్కీ తెరిచాను.

లోపల మడత పెట్టిన తువ్వాలు, ధర చీటీ కూడా తీయని కొత్త ఈత నిక్కరు, పక్కనే మూతలున్న ఖాళీ టిఫిన్ డబ్బాలు మూడు.

చందన నిక్కరు చూసింది. డబ్బాలు చూసింది. నన్ను చూసింది.

"మీకు తెలుసు కదా అంకుల్?"

"తెలుసమ్మా," అన్నాను. "ఒకవేళ నాకు తెలిసిందే తప్పయి, వాళ్ళది రైటయితేనో అని..."

ఆ పిల్ల తువ్వాలు పరిచి, పదకొండు జతల బురద బూట్లూ దాని మీద వరసగా పేర్చి, డిక్కీ మూసింది.

ఇది మినిట్సులో రాయలేదు.