కిమ్చీ పెట్టే రోజున ఉపవాసం

ఆ శనివారం పొద్దున్న కిహ్వాన్ వేసుకున్న పథకం సులువైనదే. కొరియాలో నాజు అనే ఊళ్లో ఉన్న అత్తగారింటికి వెళ్లాలి, చలికాలానికని పెట్టే కారం పచ్చడి కిమ్చీకి క్యాబేజీలు మోయాలి, నోట్లో ఏమీ పడకుండా మధ్యాహ్నానికల్లా బయటపడాలి. మర్నాడు స్టూడియోలో అతనికి చొక్కా లేకుండా ఫొటో తీస్తారు. దానికోసం నెలల తరబడి ఉప్పులేని కోడిమాంసం మీదే బతికాడు. ముందురోజు నుంచి మంచినీళ్లూ మానేశాడు. నీళ్లు మానితే కండలు తేలి కనిపిస్తాయట.

నవ్వకండి. బళ్లోనూ, తర్వాత సైన్యంలోనూ అతన్ని పేరుపెట్టి పిలిచినవాళ్లు తక్కువ, "పందీ" అన్నవాళ్లే ఎక్కువ. పెళ్లయ్యాక మామగారు, మగాళ్లంతా బట్టలు విప్పి కలిసి స్నానం చేసే ఊరి స్నానశాలకు రమ్మన్నప్పుడల్లా ఏదో వంక చెప్పి తప్పించుకునేవాడు. ఒక్క ఫొటోలోనైనా తనను చూసుకుని తాను సిగ్గుపడకూడదని అతని కోరిక. ఈ సంగతి ఇంట్లో చెప్పనని భార్య బోరం చేత ఒట్టు కూడా వేయించుకున్నాడు.

పెరట్లో అడుగుపెట్టాడో లేదో, అత్తగారు లేత క్యాబేజీ ఆకులో కారం ముద్దా, ఉడికించిన పంది మాంసం ముక్కా చుట్టి ఎదురొచ్చారు.

"నోరు తెరవండి అల్లుడు గారూ!"

"వద్దత్తయ్యా... రేపు ఆసుపత్రిలో కడుపులోకి గొట్టం వేసి చూస్తారు. ఏమీ తినకూడదన్నారు."

అబద్ధం బాగానే అతికింది. అతికి ఊరుకుంటే బాగుండేది.

"గొట్టమా? ఈ వయసులోనా? డాక్టరుకి ఏం అనుమానం?"

"మా మరిదికీ ఇలాగే మొదలైంది" అంది సాయానికి వచ్చిన పక్కింటావిడ. అత్తగారు కారం చేతులతోనే కళ్లు తుడుచుకున్నారు. దాంతో ఏడుపు ఇంకా ఎక్కువైంది. బోరం తల ఎత్తకుండా ముల్లంగి తరుగుతూ కూర్చుంది.

"మత్తిచ్చి చేస్తారు. వెంట ఇంటి మనిషి ఉండాలంటారు. నేనొస్తా" అన్నారు మామగారు.

"మీకెందుకు మామయ్యా శ్రమ..."

"నువ్వు పస్తుంటే నాకు ముద్ద దిగుతుందా? ఇదిగో, నేనూ తినను!" ఆ మాట ఆయన అవసరానికి మించిన హుషారుతో అన్నారు.

ఇక మాటల్లో పెట్టుకుంటే లాభం లేదని కిహ్వాన్ కారం తొట్టి ఎత్తబోయాడు. నీళ్లులేని ఒంటికి కళ్లు తిరిగాయి. తొట్టిలోకే బోర్లా పడ్డాడు. వద్దు వద్దంటున్నా వినకుండా ఆడవాళ్లు అతని చొక్కా లాగేశారు. అంత కష్టపడి సంపాదించిన సిక్స్ ప్యాక్ మొదటిసారి నలుగురి కంటా పడింది.

"అయ్యయ్యో, ఎముకలు తేలిపోయాయే!" అంది పక్కింటావిడ. "రోగం ముదిరిపోయింది!"

అత్తగారు నేలమీద కూలబడి అంబులెన్సు పిలవమన్నారు. కిహ్వాన్‌కి నిజంగానే ఏడుపొచ్చింది.

"రోగం లేదత్తయ్యా! ఫొటో కోసం. చిన్నప్పట్నుంచీ అందరూ లావని నవ్వేవారు. రోజుకెన్నిసార్లు తూకం చూసుకుంటానో నాకే తెలీదు. అన్నం చూస్తే భయమేస్తోంది."

మామగారు తన స్వెట్టరు పైకెత్తారు. లోపల పొట్టను అదిమిపట్టే పట్టీ ఉంది.

"కొండెక్కే జట్టువాళ్లు ఫొటోలో నన్ను వెనక్కి వెళ్లమన్నారు. అప్పట్నుంచీ నా రాత్రి భోజనం కుక్కే తింటోంది" అన్నారు. తర్వాత అల్లుడి వైపు చూడకుండా, "స్నానానికి రానన్నప్పుడల్లా నా పొట్ట చూసి నీకు రోత పుడుతోందనుకున్నాను" అన్నారు.

"నా పొట్ట మీకు చూపించలేకే మామయ్యా!"

అత్తగారు చటుక్కున లేచారు. "కడుపులు మాడ్చుకునే మగాళ్లు ఇద్దరూ నాకే దొరకాలా? తెరవండి నోళ్లు!"

మొదటి ముద్ద కిహ్వాన్ భయంతో మింగాడు. రెండోదానికి రుచి తెలిసింది. మూడోది తనే అడిగాడు. ఆ సాయంత్రం మామా అల్లుళ్లు స్నానశాలలో ఒకరి వీపు ఒకరు తోముకున్నారు. ఇద్దరికీ ప్రాణం హాయిగా ఉంది.

మాటిచ్చారు కనుక మర్నాడు మామగారు స్టూడియోకి వెంట వెళ్లారు. ఉప్పు తిని ఉబ్బిన మొహాలతో, పొట్టలు లోపలికి పీల్చకుండా, ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఫొటో తీయించుకున్నారు. ఇప్పుడది అత్తగారింట్లో టీవీ పైన వేలాడుతోంది.

ఇంటికెవరొచ్చినా అత్తగారు దాన్ని చూపించి, పాపం ఇద్దరూ ఎలా చిక్కిపోయారో చూడమంటారు.