గుర్తా, గురా?

జంజనం కోటిలింగం మూత్రాశయంలో కొవ్వు వండే ఎంజైము సోమవారం పొద్దున తానే బయటికొచ్చి, పెద్దాసుపత్రి ఓపీ వరసలో అతని ముందు నిలబడింది. సోమవారాలు ఎంజైములు రావడం మామూలే కనుక ఎవరూ తల తిప్పి చూడలేదు.

కోటిలింగం చీరాలలో నూలుకు రంగులద్దే మనిషి. ఏళ్లతరబడి చేతులకు అంటుకున్న ఎరుపు ఈమధ్య మూత్రంలోనూ కనబడింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగే కౌంటరు దాకా నడిచి వచ్చాడు.

"క్యాన్సరు గడ్డకి కొవ్వు వండిపెడుతున్నది నేనేనండీ," అంది ఎంజైము. "నన్ను చూస్తే జబ్బు తెలుస్తుంది. నన్ను ఆపితే గడ్డ మాడిపోతుంది."

కౌంటరులోని నాగరత్నానికి చిక్కొచ్చిపడింది. జబ్బును పట్టిచ్చేవి 'గుర్తు' విభాగానికి వెళ్లాలి, వాటిని చెక్కుచెదరకుండా కాపాడాలి. మందుతో కొట్టాల్సినవి 'గురి' విభాగానికి వెళ్లాలి, వాటిని మట్టుబెట్టాలి.

"గుర్తా, గురా? ఒకటే చెప్పండి."

"రెండూ నేనేనండీ."

"రెండూ కుదరదు."

కోటిలింగం భార్య నాంచారమ్మ ఉండబట్టలేకపోయింది. "ఆ తేడా తర్వాత తేల్చుకోండమ్మా. ముందు దాన్ని చంపండి. ఈయనకి నెత్తురు పోతా ఉంది."

"సాక్షిని ఎట్లా చంపుతామమ్మా?" అంది నాగరత్నం. ఆమె మంచి మనిషే.

సంగతి కమిటీకి వెళ్లింది. ఇంత చక్కటి గుర్తు ఎన్నడూ దొరకలేదని గుర్తువారు మురిసిపోయి, ఎంజైమును సదస్సులకు తిప్పారు, శాలువా కప్పారు. గురివారు గురి చూస్తూనే ఉన్నారు, గుర్తువారు సరేననేదాకా మందు వదలకూడదు. తలుచుకుంటే ఒళ్లు మండుతుంది గానీ, ఎవరి పని వాళ్లు శ్రద్ధగానే చేశారు. ఎంజైము కూడా సదస్సు లేని రోజుల్లో లోపలికెళ్లి వంట చేసొచ్చేది.

అది ఒళ్లు చేసింది. గడ్డా పెరిగింది. కోటిలింగం చిక్కి సగమయ్యాడు. వార్డులో ఖాళీ అయిన ఒక్క మంచాన్నీ ఎంజైముకిచ్చారు. పక్కనే నేలమీద అతను చాప పరుచుకున్నాడు.

రౌండ్సుకొచ్చిన కొత్త డాక్టరు మంచం మీదికి వంగి చూసి సంతోషించాడు. "పేషెంటు తాలూకు ఎవరు?"

నాంచారమ్మ నోరు తెరిచేలోపే కోటిలింగం చెయ్యెత్తాడు. "నేనేనండీ."

"బాగా కోలుకుంటున్నారు. బలమైన తిండి పెట్టండి."

"అట్లాగేనండీ," అన్నాడు కోటిలింగం, లేవడానికి మంచంకోడు పట్టుకుని. "నేనున్నన్నాళ్లూ పెడతానండీ."