మా మామయ్యకు వేసిన రెండు రంగులు

పాత నలుపు తెలుపు సినిమాలకు కంప్యూటర్‌తో రంగులు వేయడం ఘోరమని కొందరు పెద్దమనుషులు గగ్గోలు పెడుతున్నారు. వాళ్లను చూస్తే నాకు జాలి! అయ్యా, ఆ రంగులే రాకపోతే అమెరికా ఎడారిలో ఉండే మా నవహో తెగ జనం ఏ రంగులో ఉంటామో మాకెలా తెలిసేది?

మా లోయలో తీసిన కౌబాయ్ సినిమానే చూడండి. మా మేనమామ విల్బర్ట్ క్లా వయసులో ఉన్నప్పుడు హాలీవుడ్ వాళ్లు లారీల్లో వచ్చి తీసిపోయారు. అందులో మామయ్య పొద్దున రెడ్ ఇండియన్ వేషంలో తెల్ల సైనికుల తుపాకీ దెబ్బకు గుర్రం మీంచి పడి చచ్చిపోయాడు. మధ్యాహ్నానికి సైనికులు తక్కువయ్యారని డైరెక్టరు ఆయనకే టోపీ పెట్టి, కోటు తొడిగి మళ్లీ గుర్రమెక్కించాడు. తనను తానే తరిమి కాల్చుకున్న వీరుడు మా వంశంలో ఆయనొక్కడే!

నలుపు తెలుపుల్లో ఇదెవరూ కనిపెట్టలేదు. గొప్ప కళాఖండమని విమర్శకులు పుస్తకాలు కూడా రాశారు.

ఇప్పుడు సినిమా కంపెనీవారు దానికి రంగులు వేశారు. అంతేనా? సినిమాకు పనిచేసిన ప్రతి ఒక్కరి పేరూ చివర్లో వేస్తామని టీవీలో ప్రకటించారు. మామయ్య ఆ మాట గట్టిగా పట్టుకున్నాడు. ఇన్నేళ్లూ ఆ సినిమాలో ఆయన పేరు లేదు మరి. టీవీలో ఆదివారం మధ్యాహ్నం ఆట అయితే, పొద్దున్నే ముఖమల్ చొక్కా, మెడలో నీలిరాళ్ల దండ వేసుకుని మా ఇంటికి దిగాడు.

“పెళ్లినాడు కూడా ఇంత ముస్తాబు కాలేదీయన,” అంది వెంట వచ్చిన బెస్సీ అత్తయ్య, మటన్ పులుసు దించుతూ.

“పెళ్లినాడు నా పేరు అందరికీ తెలుసు కదే!” అన్నాడు మామయ్య.

సినిమా మొదలైంది. సూర్యుడు పుట్టినప్పటి నుంచీ ఎర్రగా ఉన్న మా కొండలు బూడిద రంగులో ఉన్నాయి. తప్పేముంది? కొండంటే రాయి, రాయంటే బూడిద రంగు! ఎక్కడో ఏసీ గదిలో కూర్చున్న మేధావికి ఆపాటి తెలియదా? మరి మిగిలిన ఎర్రరంగు పారబోస్తారా? మాకు పూశారు. రెడ్ ఇండియన్ అన్నాక ఎర్రగా ఉండొద్దూ! ఒక్కొక్కరం బట్టీలోంచి అప్పుడే తీసిన ఇటుకల్లా ఉన్నాం.

సైనికులకేమో గులాబీ రంగు. కాబట్టి ముందు పారిపోయే మామయ్య ఇటుక రంగు, వెనక తరిమే మామయ్య గులాబీ రంగు!

“ఆ గులాబీ ముఖం ఎవరిదయ్యా? నీ పోలికే ఉంది,” అంది అత్తయ్య.

“నేనే.”

“అయ్యో, ఒంట్లో బాగాలేదా అప్పుడు?”

“మంచి రంగే! అప్పుడే వేసుంటే డేరాలో కుర్చీ వేసి అన్నం పెట్టేవాళ్లు. ఎండలో నిలబడి తిన్నాం మేము.”

గమనించారా పాఠకులారా? ఏ చట్టమూ చేయలేని పని కంప్యూటర్ చేసింది. ఒకే మనిషిని రెండు జాతులకు సమానంగా పంచింది! దీన్ని అభివృద్ధి అనకపోతే ఏమనాలి?

చివరికి పేర్లు మొదలయ్యాయి. మామయ్య పులుసు గిన్నె కింద పెట్టి ముందుకు జరిగాడు. ఆకాశానికి రంగు వేసినవారి పేరు వచ్చింది. టోపీలకు వేసినవారిది, వాళ్లకు కాఫీ అందించినవారిది వచ్చింది. హీరో ఎక్కిన గుర్రం పేరు కూడా పడింది. దాన్ని మేపి, మాలిష్ చేసింది మామయ్యే.

“మన పేరు కూడా వస్తుందిలే,” అంది అత్తయ్య. ఎగతాళి మానేసింది.

పేర్లు అయిపోయి సబ్బు ప్రకటన వచ్చింది.

ఆయన ముఖం చూడలేకపోయాను. మామయ్య మెల్లగా లేచి, టీవీకున్న రంగుల బొత్తాం చివరిదాకా తిప్పాడు. సబ్బు రుద్దుకుంటున్న అమ్మాయి బూడిద రంగైపోయింది.

“ఒరేయ్ అల్లుడూ, చదువుకున్నవాడివి, కాస్త చూసి చెప్పు. రంగు పోవడానికి ఇది తిప్పాలి, బాగుంది. పేరు రావడానికి ఏది తిప్పాలిరా?”

టీవీ ముందూ వెనకా వెతికాను. దుమ్ము తప్ప ఏమీ దొరకలేదు. కంపెనీవారు మహానుభావులు, అడక్కుండానే మాకు రెండు రంగులు ఇచ్చారు. పేరొచ్చే ఆ బొత్తాం కూడా ఒకటి పంపరూ? మామయ్య ఇంకా చొక్కా మార్చకుండా కూర్చునే ఉన్నాడు.