తేనెపెట్టె ఎంపికలో రెండేళ్లు

తేనెటీగల పెంపకమంత సురక్షితమైన హాబీ మరొకటి లేదు! రెండేళ్లుగా ఆ పనిమీదే ఉన్నాను, ఒక్క ఈగ కూడా కుట్టలేదు. అంతా తేనెపెట్టెల్లో ఉన్న వెరైటీ చలవ.

నమ్మరా? సింగపూర్ సెంగ్‌కాంగ్‌లో మా బ్లాకు కింది కమ్యూనిటీ గార్డెన్‌లో మాకొక మూల ఇచ్చారు. షరతు ఒకటే: రెండేళ్లలో ఈగలు రావాలి, లేకపోతే మూల వేరేవాళ్లకు పోతుంది. వెంటనే అరవైమంది తెలుగువాళ్లం వాట్సాప్ గ్రూప్ పెట్టేసుకున్నాం.

అంతస్తుల పెట్టెనా, అడ్డపుల్లల పెట్టెనా, కుళాయి తిప్పితే తేనె కారే పెట్టెనా? ఒక్కటే రకం ఉండుంటే ఏమయ్యేది? కొనేసేవాళ్లం! ఈగలు వచ్చేసేవి! ఆ ప్రమాదం తప్పింది.

బ్యాంకులో పనిచేసే వరుణ్ ముప్ఫై ఏడు కాలమ్‌ల ఎక్సెల్ షీట్ తయారుచేశాడు. పెట్టె ద్వారం ఈశాన్యానికే ఉండాలంది భువన. అద్దెకుండే ఈగలకు వాస్తు వర్తిస్తుందా అని ఇంకొకరి సందేహం. దాని మీద మూడు నెలలు గడిచాయి. నాలుగుసార్లు ఓటింగ్ పెడితే నాలుగుసార్లూ ‘ఇంకొంచెం రీసెర్చ్’ భారీ మెజారిటీతో గెలిచింది.

మూడో అంతస్తు అన్నపూర్ణమ్మ ఆంటీ కూడా గ్రూపులో ఉంది. తాతల నాడే ఇక్కడికొచ్చిన కుటుంబం. వాళ్ల నాన్న కాంపాంగ్‌లో, అంటే ఆనాటి పల్లెలో, ఇంటి దగ్గర కొబ్బరి దుంగ తొలిచి, కుట్టని చిన్న ఈగల్ని పెంచేవాడని లిఫ్ట్‌లో వరుణ్‌కి చెప్పిందట. రెండేళ్లలో ఆవిడ పెట్టిన మెసేజ్ ఒక్కటే.

“పెట్టె ఏదైనా పర్లేదు నాయనా. పూలమొక్కలు ఎవరేస్తన్నారు?”

యాభై తొమ్మిది బొటనవేళ్లు లేచాయి. కొబ్బరి దుంగను వరుణ్ ‘బ్రాండ్ లేనివి’ కింద చేర్చాడు.

పోయిన ఆదివారం గడువు తీరింది. మూల అప్పగించేద్దామని మొదటిసారి అక్కడికి వెళ్లాను. తులసి గుబురుగా పూసి ఉంది. పక్కనే బోర్లించిన పాత మట్టి కుండీ. దాని చిల్లులోంచి దోమంతేసి ఈగలు వస్తూ పోతూ ఉన్నాయి. ఆంటీ మొక్కలకు నీళ్లు పోస్తోంది.

ఈగలు వచ్చాయి కనుక మూల మీదేనంటూ గార్డెన్ పెద్దాయన నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఆవిడ ముందు ఆ చెయ్యి అందుకోవడానికి సిగ్గేసింది. ఆవిడ తప్ప మేమెవరం రెండేళ్లలో ఒక్క పూలమొక్క వేయలేదు.

ఆంటీ ఒక తులసి మొలకను పేపర్లో చుట్టి నా చేతిలో పెట్టింది.

దీనికి ఏ కుండీ మంచిదని గ్రూపులో అడిగాను. షీట్ ఓపెన్ చేస్తున్నానన్నాడు వరుణ్.

ఫోన్ జేబులో పెట్టేసి, అక్కడే కూర్చుని చేత్తో మట్టి తవ్వాను.