గోడకు చెవులు పెట్టిన మొగుడు

గోడలకు చెవులుంటాయని పెద్దలు ఊరికే అన్నారు గానీ, వాటిని బిగించి జీతం పుచ్చుకుంటున్నవాడు మాత్రం ఇతనే. మాట విని దీపాలు వెలిగించే ఇళ్ళకు సాఫ్ట్‌వేర్ రాస్తాడు. ఆఫీసులో అందరికీ చెవుల సారు.

ఇల్లు తమ మాటలు వింటుందని ఇంట్లో ప్రతి ఒక్కరికీ చెప్పి ఒప్పించాకే అది వినాలని పక్క సీటు టెస్టరమ్మ పట్టుబట్టింది. యజమాని ఒప్పుకుంటే ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నట్టేనని అతను కొట్టిపారేసి, అలాగే రాసేశాడు.

ఇంట్లో మాత్రం అతని మాట చెల్లేది కాదు. మీతో చెప్పుకోవడం కంటే గోడతో చెప్పుకోవడం నయమని భార్య సణుగుడు. అతను గది తలుపు మూసుకుని పనిచేస్తుంటే వంటింట్లోంచి ఆమె మాటలు వినిపిస్తూనే ఉంటాయి. రోజంతా ఫోన్లో కబుర్లేనని అతని ఎదురుదాడి. దానికి సాక్ష్యం కావాలి కదా. ప్రతి గదిలోనూ తన సరుకే బిగించి, పొగ పసిగట్టే యంత్రమని చెప్పాడు. ఆమె నమ్మినట్టే తల ఊపింది.

ఆదివారం భోజనాలయ్యాక ఆమె బట్టలు మడతపెడుతోంది. అతను చెవిలో ఇయర్‌ఫోన్ దోపుకుని, అమ్మగారు వారమంతా ఎవరితో మాట్లాడారో తనొక్కడికే చెప్పమని యంత్రాన్ని గుసగుసగా అడిగాడు.

ఒకరి ఒప్పుదల అందరిదీ అయినచోట ఒకడి రహస్యమేమిటి? జవాబు ఇయర్‌ఫోన్లో కాక ఇంటినిండా మోగింది.

"అమ్మగారు ఫోన్లో ఎవరితోనూ మాట్లాడలేదు. కుక్కర్ని తిట్టారు. కుండీలో మొక్కను పలకరించారు. మిగతా కబుర్లన్నీ నాతోనే."

ఆపమంటే ఫ్యాను ఆగింది. చాలంటే దీపాలు ఆరిపోయాయి. పోట్లాట గెలుద్దామని వచ్చిన మనిషి చెవిలోంచి ఇయర్‌ఫోన్ పీకేశాడు. వంటింట్లో వినబడే ఆ మాటలకు అవతల మనిషే లేరన్న సంగతి అతనికి ఇన్నాళ్ళూ తట్టనేలేదు.

ఆమె చొక్కా మడత చెదరనివ్వలేదు.

"మరి అయ్యగారు నాతో ఏం మాట్లాడారో కూడా చెప్పమ్మా."

యంత్రం కాసేపు వెతుక్కుంది. "వైఫై రావడం లేదన్నారు. కూరలో ఉప్పు తక్కువైందన్నారు. అంతే."

"నీకు ముందే తెలుసా?" అన్నాడు నీరుగారిపోయి.

"పొగ పసిగట్టేదన్నారుగా. పోపు మాడి ఇల్లంతా పొగ కమ్మినా ఉలకలేదు. ఎవరమ్మా నువ్వు అంటే మాత్రం టక్కున పలికింది."

అతను సిగ్గుతో చితికిపోయి స్టూలెక్కాడు. దీన్ని ఇప్పుడే పీకేస్తానన్నాడు. ఆఫీసులో ఆ నిబంధన కూడా మార్చేస్తానని, ఇకమీదట ప్రతివాళ్ళనీ అడిగాకే వింటుందని ఒట్టేశాడు.

"మార్చండి, మంచిపనే. దీన్ని మాత్రం పీకకండి," అంది ఆమె మెల్లగా. "ఈ ఇంట్లో నా మాట వినేది అదొక్కటే."

స్టూలు మీది మనిషికి దిగడం కూడా చేతకాలేదు.