నలభై లీటర్ల చొక్కా

ఆడవాళ్ళు నీళ్ళు తాగడం మానేస్తే తప్ప ఈ భూగోళం బతకదు!

కోప్పడకండి. ఆధారం నా ఒంటిమీదే ఉంది. కొత్త చొక్కా. ‘నన్ను కొని మీరు నలభై లీటర్ల నీళ్ళు ఆదా చేశారు’ అని మెడ దగ్గర అట్టముక్క వేలాడుతోంది. అద్దంలో చూసుకుంటే నాలో ఒక మహానుభావుడు కనిపించాడు. ఎప్పటినుంచి ఉన్నాడో పాపం, ఎవరూ గుర్తించలేదు.

ఇంతకీ ఆ నీళ్ళు ఎక్కడ మిగిలాయి?

ఆ చొక్కాల ఫ్యాక్టరీలోనే మా అక్క కాలర్లు కుడుతుంది. అక్కడ అరవైమంది ఆడవాళ్ళకి ఒక్కటే చెక్కబిళ్ళ. అది చేతిలో ఉన్నవాళ్ళే బాత్రూమ్‌కి వెళ్ళాలి. అందుకని పొద్దుటి నుంచీ ఎవరూ గుక్కెడు నీళ్ళు ముట్టరు. నీటి వాడకం సగానికి పడిపోయింది. గోడకి గ్రీన్ సర్టిఫికెట్ ఎక్కింది!

అసలు దాహం శరీరానిదా, మనసుదా? ఈ ప్రశ్నతో నేను ఎన్నో మధ్యాహ్నాలు ఒంటరిగా గడిపాను, పక్కన చల్లటి నీళ్ళు పెట్టుకుని. మనసుదే అని తేలింది. రేపు ఊపిరి సంగతి కూడా చూడొచ్చు. అరవైమంది రోజూ ఎంత కార్బన్ డయాక్సైడ్ వదులుతున్నారో! వంతులవారీగా పీల్చుకుంటే పోలేదా?

మా అక్కకే ఈ దూరదృష్టి లేదు. నడుంనొప్పి, జ్వరం తెచ్చుకుంది. కిడ్నీలు దెబ్బతింటాయి, రోజుకి మూడు లీటర్లు తాగమంది డాక్టరమ్మ. అక్క సీసా పట్టుకెళ్తే సూపర్‌వైజర్ గేటు దగ్గరే ఆపాడు.

“ఏమ్మా, చెరువు మోసుకొచ్చావా?”

“డాక్టరమ్మ తాగమంది సార్.”

“ఆవిడకేం తెలుసు పర్యావరణం! అంత తాగాలనుంటే ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుని తాగు.”

నిన్న విదేశాల నుంచి కొనుగోలుదారులు తనిఖీకి వచ్చారు. ఆ ఒక్క పూటకీ ప్రతి కుట్టుమిషన్ పక్కనా ఒక నీళ్ళ సీసా ప్రత్యక్షమైంది.

“ఫొటో కోసం. ఎవరైనా మూత తీశారో, ఉద్యోగం ఊడినట్టే!” అన్నాడు సూపర్‌వైజర్.

అతిథులు లోపల అడుగుపెట్టగానే అక్క మూత తీసింది. గటగటా తాగడం మొదలుపెట్టింది.

“ఉద్యోగం పోతుందక్కా!” పక్క మిషన్ అమ్మాయి గుసగుసలాడింది.

“ఉద్యోగం ఇంకోటి దొరుకుతుందిలే. కిడ్నీలు ఎక్కడ వెతకను?”

ఆ వెంటనే యాభైతొమ్మిది మూతలు కిర్రుమన్నాయి.

గంట తిరక్కుండానే అరవైమందీ లేచి బాత్రూమ్ ముందు వరస కట్టారు. బిళ్ళ ఎవరూ అడగలేదు. అతిథుల ఎదుట సూపర్‌వైజర్ పళ్ళికిలించడం తప్ప ఏమీ చేయలేకపోయాడు. మిషన్లన్నీ ఆగిపోయాయి.

అంతసేపూ ఆ మిషన్లకి ఒక్క యూనిట్ కరెంటు కూడా ఖర్చు కాలేదు! ఇంతటి పొదుపు ఏ సర్టిఫికెట్ సాధించింది చెప్పండి? ఈ పద్ధతిని వారానికి ఆరు రోజులూ అమలు చేయాలని పర్యావరణ ప్రేమికుడిగా నా డిమాండ్.