ఎండ కరెంటు పాట

నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నాకు వరస తప్పుతుంది.

మన బేరూత్‌లో ఏ ఇంటికైనా కరెంటు మూడు రకాలు కదా. సర్కారు కరెంటు పిలవని చుట్టం, ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో దానికే తెలియదు. వీధి చివర జనరేటర్‌ది రెండోది. డాబా మీద పలకలు ఎండ తాగి బ్యాటరీల్లో దాచిపెట్టేది మూడోది. ఫ్యానుకి ఏదైనా ఒకటే. నా సంగీతం పెట్టెకి మాత్రం కాదు!

ఇంటర్నెట్‌లోంచి పాటని లాగి, ఊద్ తంతులు మీటేవాడు మన సోఫాలోనే కూర్చున్నాడా అనిపించేలా వినిపించే పెట్టె అది. దాని స్పీకర్లు నా నడుం ఎత్తు. మందుల షాపులో ఇన్నేళ్ళూ జనం దగ్గులు వినీ వినీ అలిసిపోయిన చెవులకి నేనిచ్చుకున్న బహుమానం.

మా ఆవిడ వదాద్ దాన్ని "నీ రెండో పెళ్ళాం" అంటుంది. "మొదటిదానికి ఇన్ని కానుకలు రాలేదు" అని కూడా తగిలిస్తుంది.

ఇంతకీ సంగతేమిటంటే, మా అమ్మాయి జుమానాకి సంబంధం కుదిరేలా ఉంది. అబ్బాయి వాయిల్ బంగారం. చిక్కంతా వాళ్ళ నాన్న అబూ వాయిల్‌తోనే. ఆయనకీ నాకున్న పిచ్చే, కాకపోతే ఇంకా ముదిరింది. మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు నేను గొప్పగా ఓ పాట పెడితే, తల పక్కకి వాల్చి విని, "బాగుంది ఉస్తాద్ బహీజ్. కాస్త బురదగా ఉంది, అంతే" అన్నాడు.

బురదట! ఆ తర్వాత నాకు తిన్నది ఒంటబడితే ఒట్టు.

ఇక బురద తోడే పనిలో పడ్డాను. ఇంటర్నెట్ తీగ పీకేసి, తోటకి నీళ్ళు పెట్టే గొట్టమంత లావు తీగ వేశాను. పెట్టె అదరకుండా కింద బెండు ముక్కలు పెట్టాను. రౌటర్ దగ్గరుంటే పాటకి దిష్టి తగులుతుందని దాన్ని స్నానాల గదిలోకి తోలేశాను.

"పాట అదే, పాడేది ఆవిడే, వినేది నువ్వే," అంది వదాద్. "తీగ లావైతే గొంతు బాగుపడుతుందా?"

"నీకు తెలియదులే. దానికి సున్నితమైన చెవి ఉండాలి."

"వంటింట్లో పంపు కారుతోందని వారం నుంచి మొత్తుకుంటున్నా. ఆ సున్నితమైన చెవికి అది వినపడలేదేం?"

నేను స్పీకర్ల దుమ్ము తుడవడానికి వెళ్ళిపోయాను.

చివరికి ఇంటర్నెట్‌లో మా పిచ్చివాళ్ళ కబుర్లు చదివితే అసలు గుట్టు తెలిసింది. తప్పు తీగది కాదు, కరెంటుది! జనరేటర్ కరెంటు మురికి. ఎండ కరెంటు కడిగిన ముత్యం. కానీ ఆ లైను మీదే ఇంకో మోటారు తిరుగుతుంటే ముత్యం కాస్తా మళ్ళీ బురదలో పడ్డట్టే. మా ఎండ లైను మీద తిరిగే మోటారు ఒక్కటే, వెనక బాల్కనీలో ఉన్న ఫ్రీజరు.

అందులో ఏముందో కూడా వినండి. మర్నాడే అబ్బాయి తరఫువాళ్ళు పిల్లని అడగడానికి వస్తున్నారు. వాళ్ళ కోసం వదాదూ వాళ్ళక్కా నడుములు పడిపోయేలా మాంసం, గోధుమ రవ్వ కలిపి రుబ్బి, కిబ్బె ఉండలు చేసి పళ్ళేలకి పళ్ళేలు అందులో నింపారు. అబ్బాయి తల్లి ఉమ్ము వాయిల్ కిబ్బె అంటే ఊరంతా లొట్టలేస్తుంది. "మన కిబ్బెకి ఆవిడ వంక పెట్టిందో, రేపు మన పిల్ల జన్మంతా ఆ మాట పడాలి" అని వదాద్ భయం.

మధ్యాహ్నం వదాద్ జుట్టు సర్దించుకోవడానికి వెళ్ళింది. ఒక్క గంటకి కిబ్బె కొంపలేం మునుగుతాయి అనుకుని ఫ్రీజరు ప్లగ్గు పీకేశాను. నా పెట్టె ప్లగ్గు తెచ్చి ఎండ లైనులో గుచ్చి పాట పెట్టాను.

అబ్బబ్బబ్బ! బురద హుష్‌కాకి! తంతి మీద వేలు జారడం వినిపించింది. పాడే ఆవిడ ఊపిరి తీసుకోవడం వినిపించింది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంతలో షాపు నుంచి ఫోనొస్తే ఆ పరవశంలోనే లేచి వెళ్ళిపోయాను.

ఫ్రీజరు సంగతి శుభ్రంగా మర్చిపోయాను.

మర్నాడు సాయంత్రం వియ్యాలవారు దిగారు. వచ్చీ రాగానే నేను పాట పెట్టాను. అబూ వాయిల్ తల పక్కకి వాల్చాడు.

"ఉస్తాద్! ఏం చేశావయ్యా?" అన్నాడు కళ్ళు పెద్దవి చేసి. "బురద లేదు, మసక లేదు! ఇది ఎండ కరెంటు కదూ?"

నేను పూరీలా పొంగిపోయాను. వదాద్ వైపు చూశాను. ఆవిడ బుద్ధిమంతురాలిలా కాఫీ కప్పులు అందిస్తోంది.

మన పద్ధతి ఉందిగా, పిల్లని అడగడానికి వచ్చినవాళ్ళు సరేననిపించుకునేదాకా కాఫీ ముట్టరు. అబూ వాయిల్ కప్పు అందుకుని, బల్ల మీద పెట్టేసి, గొంతు సవరించుకున్నాడు.

"మా వాయిల్‌కి మీ జుమానాని ఇస్తానంటేనే ఈ కాఫీ తాగుతాను."

అందరూ నా నోటి వంకే చూస్తున్నారు. సరిగ్గా అప్పుడే వదాద్ లేచి, "మీరు మాట్లాడుకోండి, నేను ఫ్రీజర్లోంచి కిబ్బె తీసి నూనెలో వేస్తాను" అని లోపలికి నడిచింది.

నా నెత్తిన పిడుగు పడింది. ఆగస్టు ఎండ! నిన్న మధ్యాహ్నం నుంచి! పాడైన మాంసం, వియ్యపురాలి నోట్లో!

"ఒక్క నిమిషం!" అని పరుగు లంకించుకున్నాను. పిల్లనివ్వమని అడిగితే పారిపోయిన మామగారిని వాళ్ళు ఎన్నడూ చూసుండరు.

"వదాద్, ఆగు! ముట్టుకోకు! ప్లగ్గు నేనే పీకాను. గంటే అనుకున్నా, మర్చిపోయా. చేజేతులా పిల్ల పెళ్ళి చెడగొట్టాను!"

ఆవిడ పళ్ళెం తెచ్చి గట్టు మీద ఠక్కున పెట్టింది. కిబ్బెలు గులకరాళ్ళలా ఉన్నాయి. వాటి మీంచి చల్లటి పొగలు వస్తున్నాయి.

పోయిన ప్రాణం లేచొచ్చింది. ఒక కిబ్బెని చేతిలోకి తీసుకుని ముద్దు పెట్టుకున్నాను, మీ దగ్గర సిగ్గేముంది.

"నిన్న నేను ఇంటికొచ్చేసరికి ఫ్రీజరు గుడ్లు తేలేసి ఉంది," అంది వదాద్. "అప్పుడే ప్లగ్గు పెట్టాను. ఇంకా కరగలేదు, మన అదృష్టం."

"మరి నా పెట్టె?"

"జనరేటర్ మీదకి మార్చేశాను. చుట్టాలొస్తే ఏసీ వేయాలా వద్దా? అన్నీ బ్యాటరీ మీద పడితే ఎలా?"

"అంటే ఇందాక అబూ వాయిల్ విన్నది..."

"జనరేటరే. వీధి చివరిది. మురికిది."

నా మొహం మతాబులా వెలిగిపోయింది. "అయితే ఆయన చెవులూ నా చెవుల్లాంటివేనన్నమాట!"

"చెవుల గోల తర్వాత! ముందెళ్ళి ఆయన్ని కాఫీ తాగమను మహానుభావా! అక్కడ పిల్ల గుండె ఆగిపోతుంది!"

నిజమే. హాల్లో ఉమ్ము వాయిల్ చేతిసంచి ఒళ్ళోకి తీసుకునుంది. వాయిల్ మొహంలో నెత్తురు చుక్క లేదు. గుమ్మం దగ్గర జుమానా నిండిన కళ్ళతో నన్ను నమిలి మింగేలా చూస్తోంది.

"తాగండి బావగారూ, తాగండి! మా పిల్ల మీ పిల్లే!"

అబూ వాయిల్ చల్లారిన కాఫీని ఒక్క గుక్కలో తాగేశాడు. ఆడవాళ్ళు సంబరంగా కూతలు వేశారు. అందరం చేతులు చాచి ఫాతిహా ప్రార్థన చదివాం. నా గుండెల మీంచి బండరాయి దించినట్టు హాయిగా ఉంది. కిబ్బె బతికింది, సంబంధం బతికింది, నేనూ బతికాను.

కాసేపటికి అబూ వాయిల్ కిబ్బె పళ్ళెంతో నన్ను బాల్కనీలోకి లాక్కెళ్ళాడు.

"బావా, ఇప్పుడు మనలో మనకి దాపరికం దేనికి? నాకు మొదటి పాటలోనే జనరేటర్ వినిపించింది."

నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. "మరి ఎండ కరెంటన్నారు?"

"నిన్న మీ ఆవిడ మా ఆవిడకి ఫోన్ చేసిందిలే. 'మీ ఆయన ఎండ కరెంటని ఒక్క మాట మెచ్చుకుంటే చాలు, మా ఆయన మళ్ళీ ప్లగ్గు పీకడు, మా ఇంట్లో ఫ్రీజరు బతుకుతుంది' అందట. అలా అంటానని ఒట్టేస్తేగానీ మా ఆవిడ నన్ను కారెక్కనివ్వలేదు."

లోపల వియ్యపురాళ్ళిద్దరూ పగలబడి నవ్వుతున్నారు. తొంగి చూస్తే ఉమ్ము వాయిల్ ఇంకో కిబ్బె అందుకుంటోంది.

నేనూ ఇంకోటి తీసుకున్నాను. అబూ వాయిల్ కూడా తీసుకున్నాడు. ఇద్దరం కలిసి పళ్ళెం ఖాళీ చేశాం.